యూనిట్ – 6: తెలుగువారు ఇంగ్లీషు నేర్చుకున్న దారులు – పాఠ రూపాల కలయిక

6.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• గత రెండు వందల ఏళ్లలో తెలుగువారు ఇంగ్లీషు నేర్చుకున్న ముఖ్యమైన పద్ధతులను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• ఒక్కొక్క పాఠ రూపం ఏ నైపుణ్యాన్ని ఇచ్చిందో, దేన్ని ఇవ్వలేకపోయిందో చెప్పగలుగుతారు.
• దూరవిద్యలో అనేక పాఠ రూపాలను ఎందుకు కలిపారో చారిత్రక కారణాలతో వివరించగలుగుతారు.
• మీ పరిస్థితికి తగిన వారపు అభ్యాస ప్రణాళికను తయారుచేసుకోగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

మీరు దొరవారిసత్రంలో ఉంటున్న ఒక దూరవిద్యా విద్యార్థి అనుకోండి. చెన్నై – గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేటకూ నాయుడుపేటకూ మధ్య ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ తరవాత తిరుపతి జిల్లాలో చేరింది. పక్కనే పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం, సరస్సుకు అవతల శ్రీహరికోట ఉన్నాయి. ఉద్యోగం కోసం శ్రీసిటీకి వెళ్లినా, చెన్నైకి వెళ్లినా ఇంటర్వ్యూలో మొదట ఎదురయ్యేది ఇంగ్లీషే. పదేళ్లు బడిలో ఇంగ్లీషు చదివినా అక్కడ నోరు పెగలదు. "నాకు ఇంగ్లీషు రాదు" అని మీకు మీరే తీర్పు చెప్పుకుంటారు.

ఈ తీర్పు సరైనదేనా? మరో భాషతో పోల్చి చూడండి. సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో చాలామంది తెలుగువారికి తమిళం వచ్చు. ఎవరూ వ్యాకరణ పుస్తకం పట్టుకుని నేర్చుకోలేదు. బంధువుల మాటలు, సంతలో బేరాలు, సినిమాలు, బస్సు ప్రయాణాలు నేర్పాయి. అయితే అలా నేర్చుకున్న వారిలో చాలామంది తమిళం చదవలేరు, రాయలేరు. బడి ఇంగ్లీషు విషయంలో ఇది తలకిందులవుతుంది. చదవగలుగుతాం, ఎంతో కొంత రాయగలుగుతాం, మాట్లాడలేం. తెలివిలో తేడా ఏమీ లేదు. భాష ఏ రూపంలో మనకు అందిందో ఆ రూపానికి సంబంధించిన నైపుణ్యమే మనకు వచ్చింది.

ఈ యూనిట్‌లో 'పాఠ రూపం' అంటే భాష అభ్యాసకుడికి చేరే మార్గం అని అర్థం. అచ్చు పాఠం, వ్యాకరణ సూత్రం, అనువాదం, సంభాషణ, రేడియో పాఠం, దృశ్య పాఠం, తరగతి గది చర్చ, రాత పని మొదలైనవి పాఠ రూపాలు. తెలుగునాట వీటి చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన వారికి మొదటినుంచీ ఒకటికి మించిన పాఠ రూపాలు అందుబాటులో ఉన్నాయి. మిగిలిన వారికి ఒక్క పాఠ్యపుస్తకమే దక్కింది. దూరవిద్య ఆ లోటును పూడ్చడానికి చేసిన ఒక ప్రయత్నం.

6.2 కచేరీలో నేర్చుకున్న ఇంగ్లీషు

ఈస్టిండియా కంపెనీ పాలన తొలి దశలో తెలుగువారికి ఇంగ్లీషు నేర్పే బడులు చాలా తక్కువ. అయినా ఆ కాలంలోనే ఇంగ్లీషులో దిట్టలైన తెలుగువారు కనిపిస్తారు.

వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) ఒంగోలు ప్రాంతం వారు. ఒంగోలు ఆ తరవాత చాలాకాలం నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలో చేరింది, 1970లో ప్రత్యేక జిల్లా అయింది. సుబ్బారావు కంపెనీ కొలువుల్లో పనిచేస్తూ ఎదిగి, 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడుగా, దుబాసీగా ఉన్నారు. తన జీవితచరిత్రను ఇంగ్లీషులోనే రాశారు. ఆయన మరణానంతరం 1873లో అది అచ్చయింది. ఇంగ్లీషులో స్వీయచరిత్ర రాసిన తొలి భారతీయుల్లో ఆయన ఒకరు.

మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830–31లో కాశీయాత్ర చేసి, ఆ విశేషాలను తెలుగులో రాశారు. కర్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులలో ఒకరైన కావలి వెంకట రామస్వామి దక్కన్ కవుల చరిత్రలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో ప్రచురించారు.

వీరి తరం వారికి ఇంగ్లీషు ఎలా వచ్చింది? ఆనాటి కంపెనీ కచేరీల్లో యువకులు మొదట జీతం లేకుండా 'వాలంటీరు'గా చేరేవారు. రోజంతా ఇంగ్లీషు కాగితాలకు నకళ్లు రాసేవారు. ఆ కాగితాలను దొరలు చదువుతుంటే వినేవారు. రైతు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి, దొర ఇంగ్లీషులో చెప్పింది తెలుగులోకి మార్చేవారు. తప్పు జరిగితే అక్కడికక్కడే తెలిసేది. ఇంట్లో అప్పటికే కొలువు చేస్తున్న బంధువు ఉంటే సందేహాలు తీర్చేవాడు.

ఈ శిక్షణను విడదీసి చూడండి. నకలు రాయడం, వినడం, అనువదించడం, మాట్లాడటం, తప్పు దిద్దుకోవడం – ఈ అయిదూ ఒకే పనిలో, ఒకే విషయం మీద, ఒకే రోజున జరిగేవి. ఇది పథకం వేసి చేసిన కలయిక కాదు. పనిలోనే ఆ కలయిక ఉంది. అయితే ఈ అవకాశం కొద్ది కుటుంబాలకే పరిమితమైంది. కచేరీలో తెలిసినవారు ఉన్నవారికీ, జీతం లేకుండా కొన్నేళ్లు గడపగలిగినవారికీ మాత్రమే ఆ తలుపు తెరుచుకునేది. స్త్రీలకూ, అణగారిన కులాలకూ అది పూర్తిగా మూసి ఉండేది.

బడుల పరిస్థితి దీనికి భిన్నంగా ఉండేది. 1820లో ఏర్పడిన మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి సుబ్బారావు సభ్యుడుగా ఉన్నారు. పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని ఆయన గుర్తించారు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన నివేదికలో ఇలాంటి మాటే రాశారు. బడిలో వల్లించే పద్యాల భాషకూ పిల్లలు మాట్లాడే భాషకూ పొంతన లేకపోవడంతో వారు చదివింది వారికే అర్థం కావడంలేదని ఆయన గమనించారు. వల్లింపు అనే ఒక్క పాఠ రూపం మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పటికే తెలిసినవారు ఉన్నారన్నమాట.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: సమాధానాన్ని మీ నోటుపుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన మాదిరి సమాధానంతో పోల్చుకోండి.
కంపెనీ కచేరీలో యువకుడికి ఏయే పాఠ రూపాలు ఒకేచోట అందేవి?

6.3 బ్రౌన్ పుస్తకాల వరస

ఇదే కాలంలో ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది. 1817లో మద్రాసుకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఈ పనిని చాలా దూరం తీసుకుపోయారు.

బ్రౌన్ ప్రచురించిన పుస్తకాల వరసను గమనించండి. 1840లో తెలుగు వ్యాకరణం వచ్చింది. 1850ల తొలి సంవత్సరాల్లో నిఘంటువులు, పఠన వాచకం, తెలుగు–ఇంగ్లీషు సంభాషణల పుస్తకం వచ్చాయి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడిన సంవత్సరం 1852. నియమం కోసం వ్యాకరణం, మాట కోసం నిఘంటువు, చదువు కోసం వాచకం, వాడుక కోసం సంభాషణలు. నాలుగు పుస్తకాలూ నాలుగు పనులు చేస్తాయి. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. వీటికి తోడుగా పక్కన తెలుగు పండితులు ఉండేవారు. ఉచ్చారణ సరిదిద్దడం, ప్రశ్నకు జవాబు చెప్పడం వారి పని. అంటే పుస్తకాలు ఎన్ని ఉన్నా మనిషి అవసరం తీరలేదు.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, రెండు భాషల సంభాషణలు తెలుగు విద్యార్థులకూ ఉపయోగపడ్డాయి. ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకోవడానికి వేసిన దారిలోనే తెలుగు విద్యార్థి ఎదురు దిశలో నడవవచ్చు. కాని దొరకు ఉన్నట్టు జీతానికి పెట్టుకున్న గురువు సాధారణ విద్యార్థికి ఉండడు.

6.4 పరీక్ష కోసం ఇంగ్లీషు

1835లో మెకాలే నివేదిక, దాన్ని అనుసరించి బెంటింక్ ప్రభుత్వ నిర్ణయం ఇంగ్లీషు విద్యకు రాజ్య సహాయాన్ని ఖాయం చేశాయి. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వం ఇంగ్లీషు చదివినవారికి ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. 1854లో వుడ్స్ డిస్పాచ్ వచ్చింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని ప్రవేశ పరీక్ష అయిన మెట్రిక్యులేషన్ తెలుగు జిల్లాల ఉన్నత పాఠశాలల పాఠాలను శాసించసాగింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. కచేరీలో ఇంగ్లీషు పని కోసం నేర్చుకునేవారు. బడిలో పరీక్ష కోసం నేర్చుకోసాగారు. పరీక్ష రాత పరీక్ష. కాబట్టి రాతకు పనికొచ్చే పాఠ రూపాలే బడిలో నిలిచాయి. వ్యాకరణ సూత్రాలను కంఠస్థం చేయడం, ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకీ తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకీ మార్చడం, పాఠానికి రాసిన నోట్సును వల్లె వేయడం. దీన్నే వ్యాకరణ–అనువాద పద్ధతి అంటాం.

ఈ పద్ధతిని పూర్తిగా కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. వేలాది మంది చదివే బడికి ఇది చవకైన పద్ధతి. ఇంగ్లీషు బాగా మాట్లాడలేని ఉపాధ్యాయుడు కూడా దీన్ని నడపగలడు. వాక్య నిర్మాణం మీద పట్టు ఇస్తుంది. మాతృభాష సాయంతో అర్థం త్వరగా తెలుస్తుంది. లోపం ఏమిటంటే, చెవికీ నోటికీ ఇందులో పని లేదు. కర్జన్ కాలంలో 1904లో వెలువడిన విద్యా విధాన తీర్మానం కూడా పరీక్షల పెత్తనాన్ని, బట్టీ చదువును విమర్శించింది. మాతృభాషలో గట్టి పునాది పడకముందే ఇంగ్లీషు మొదలుపెట్టడాన్ని తప్పుపట్టింది. తీర్మానం వచ్చినా పరీక్ష మారలేదు, కాబట్టి పాఠమూ పెద్దగా మారలేదు.

6.5 పద్ధతుల పోటీ

ఇరవయ్యో శతాబ్దంలో ఒక పద్ధతి తరవాత ఒకటి వచ్చాయి. ప్రతిదీ అంతకుముందున్న దాని లోపాన్ని చూపి, తానే సరైన దారినని చెప్పుకుంది.

ప్రత్యక్ష పద్ధతి: తెలుగు సాయం లేకుండా వస్తువును చూపి, పనిచేసి చూపి, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పడం ఈ పద్ధతి సారం. మనదేశంలో దీన్ని ప్రచారం చేసినవారిలో పి.సి. రెన్ ఒకరు. భారతీయ పాఠశాలల్లో ప్రత్యక్ష బోధన గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. కాని మన తాతల కాలం నుంచి ఆయన పేరు తెలిసింది 'రెన్ అండ్ మార్టిన్' వ్యాకరణం వల్లనే. సూత్రాలు లేకుండా నేర్పాలన్న బోధకుడి పేరు సూత్రాల పుస్తకం మీద స్థిరపడిపోయింది. రెండింటి అవసరమూ ఉందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం వెతకనక్కర్లేదు.

పఠన పద్ధతి: ఢాకాలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ 1926లో ప్రచురించిన తన అధ్యయనంలో, చాలామంది పిల్లలు మధ్యలోనే బడి మానేస్తారు కాబట్టి, అప్పటికైనా వారి చేతికి మిగిలే నైపుణ్యం చదవడమేనని వాదించారు. పరిమితమైన పదాలతో వాచకాలు తయారుచేశారు. మాట్లాడటానికి రెండో స్థానం ఇచ్చారు.

నిర్మాణ పద్ధతి: స్వాతంత్ర్యం తరవాత వాక్య నమూనాలను ఒక క్రమంలో పేర్చి, నోటితో పదేపదే సాధన చేయించే పద్ధతి వ్యాపించింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. అదే 1972లో సీఫెల్‌గా, 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది. పొరుగున మద్రాసు రాష్ట్రంలో 27,000 మంది ఉపాధ్యాయులకు కొత్త పద్ధతిలో తిరిగి శిక్షణ ఇచ్చే పథకం నడిచింది. శిక్షణ పొందినవారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పుతూ పోవడంతో దీనికి 'మద్రాసు స్నోబాల్' అనే పేరు వచ్చింది. పథకం పెద్దది. కాని శిక్షణ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగేకొద్దీ పలచబడుతుంది. తరగతిలో అర్థంతో పనిలేకుండా వాక్యాలను వల్లించడం కొత్త రకం బట్టీగా మారే ప్రమాదం కూడా ఉంది.

పని ఆధారిత పద్ధతి: 1979లో ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా ఒక ప్రయోగం ప్రారంభించారు. రైలు సమయాల పట్టికను చదివి ప్రయాణం నిర్ణయించడం, పటం చూసి దారి చెప్పడం వంటి పనులను పిల్లలకు ఇచ్చేవారు. మనసు పని మీద ఉంటే భాష దానంతట అది పట్టుబడుతుందన్నది ఆయన ఆలోచన. ఈ ప్రయోగం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. తరవాత 1990లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ప్రభు, అందరికీ అన్నిచోట్లా సరిపడే 'ఉత్తమ పద్ధతి' అంటూ ఏదీ లేదన్న వాదాన్ని లోతుగా పరిశీలించారు. పద్ధతి పేరు కంటే, తాను ఏం చేస్తే నేర్చుకోవడం జరుగుతుందో ఉపాధ్యాయుడికి ఉన్న సజీవమైన అవగాహన ముఖ్యమని తేల్చారు.

ఈ పద్ధతుల మధ్య జరిగిన పోటీలో మన విద్యార్థికి నష్టమే ఎక్కువ జరిగింది. తరానికొక పద్ధతి అతని పుస్తకాన్ని మార్చింది. కాని అతనికి ఒకేసారి చదువు, వినికిడి, మాట, రాత నాలుగూ అందించలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
వ్యాకరణ–అనువాద పద్ధతి బడుల్లో ఎందుకు స్థిరపడింది? దాని ప్రధాన లోపం ఏమిటి?

6.6 రేడియో, ఉపగ్రహం, సార్వత్రిక విశ్వవిద్యాలయం

కలయిక అనే ఆలోచన పథకంగా రూపుదిద్దుకున్నది దూరవిద్యలోనే. గురువు ఎదురుగా లేనప్పుడు, గురువు చేసే పనులన్నింటినీ వేరువేరు సాధనాలకు పంచి ఇవ్వక తప్పదు.

బి.బి.సి. 1943లో రేడియో ద్వారా ఇంగ్లీషు పాఠాలు ప్రారంభించింది. మనదేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టాయి. ఇవి ప్రధానంగా తపాలాలో పంపే అచ్చు పాఠాలు. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ అచ్చు పాఠం, రేడియో, టెలివిజన్, ముఖాముఖి తరగతి అనే నాలుగింటినీ ఒకే కోర్సులో కలిపింది.

1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు 'సైట్' అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు చేరాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అవి ఇంగ్లీషు పాఠాల కోసం ఉద్దేశించినవి కావు. కాని పల్లెటూరి బడికి దూరంనుంచి దృశ్య పాఠం పంపవచ్చని రుజువైంది.

1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆచార్య జి. రాంరెడ్డి దీని తొలి ఉపకులపతి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవనివారు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించడం చాలాకాలం దీని ప్రత్యేకతగా ఉండేది. తెలుగు మాధ్యమంలో స్వయంగా చదువుకోవడానికి వీలైన పుస్తకాలు, ఆకాశవాణి పాఠాలు, టెలివిజన్ పాఠాలు, ఆడియో, వీడియో క్యాసెట్లు, అధ్యయన కేంద్రాల్లో కౌన్సెలింగ్ తరగతులు – ఇవన్నీ ఒకే వ్యవస్థలో భాగాలయ్యాయి.

దీని ప్రాముఖ్యాన్ని 6.2తో పోల్చి చూడండి. 1800 ప్రాంతంలో అనేక పాఠ రూపాలు ఒకేచోట దొరకాలంటే కచేరీలో తెలిసినవారు ఉండాలి. 1982 తరవాత పొలం పని చేసుకునేవారికీ, పెళ్లయి చదువు ఆగిన స్త్రీకీ, దుకాణంలో పనిచేసే యువకుడికీ ఆ రూపాలు కనీసం కాగితం మీద హక్కుగా వచ్చాయి. ఆచరణలో లోటుపాట్లు ఉన్నాయి. రేడియో పాఠం వచ్చే వేళకు కరెంటు ఉండకపోవచ్చు. కౌన్సెలింగ్ తరగతికి వెళ్లాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. అందువల్ల చాలామంది విద్యార్థులు పరీక్షకు ముందు పుస్తకం మాత్రమే చదివి, మిగిలిన రూపాలను వదిలేస్తారు. అప్పుడు దూరవిద్య కూడా పాత కరస్పాండెన్స్ కోర్సుగానే మిగిలిపోతుంది.

తరవాతి ఘట్టం దొరవారిసత్రానికి చాలా దగ్గరలో జరిగింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి. రాకెట్ 1,950 కిలోల బరువున్న ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. పూర్తిగా విద్య కోసమే ఉద్దేశించిన మొదటి భారతీయ ఉపగ్రహం అది. దూరాన ఉన్న తరగతులు తెరమీద ఉపాధ్యాయుడిని చూడటమే కాక ప్రశ్నలు అడగటానికి కూడా వీలు కల్పించింది. 2010లో దాని సేవ ముగిసింది. 2017లో మొదలైన 'స్వయం' ఆన్‌లైన్ కోర్సులు, చేతిలోని సెల్‌ఫోన్ ఆ దారిని కొనసాగిస్తున్నాయి. ఈ రోజు మీ ఫోనులో అచ్చు, శబ్దం, దృశ్యం, సంభాషణ నాలుగూ ఉన్నాయి. సాధనాల కొరత చాలావరకు తీరింది. వాటిని కలిపే పని మాత్రం మీదే.

6.7 ఏ రూపం ఏమిస్తుంది?

పై చరిత్రనుంచి మూడు సూత్రాలు తేలుతాయి.

మొదటిది: ప్రతి పాఠ రూపానికీ తనదైన పని ఉంది. అచ్చు పాఠం మీ వేగంతో ఆగి, వెనక్కు వెళ్లి చదివే వీలిస్తుంది. పదజాలం, వాక్య నిర్మాణం దీనివల్ల బలపడతాయి. వ్యాకరణం తప్పు ఎక్కడ జరిగిందో చెబుతుంది. అనువాదం తెలుగు వాక్యానికీ ఇంగ్లీషు వాక్యానికీ ఉన్న తేడాను చూపుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. ఈ తేడా అనువాదంలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. శబ్ద పాఠం చెవికి ఉచ్చారణ, ఊనిక అలవాటు చేస్తుంది. సంభాషణ తడుముకోకుండా జవాబిచ్చే అలవాటు నేర్పుతుంది. రాత పని నిజంగా ఏది వచ్చిందో, ఏది రాలేదో బయటపెడుతుంది.

రెండోది: రూపాలు మారాలి, విషయం మారకూడదు. కచేరీలో యువకుడు ఒకే దస్తావేజును విని, రాసి, అనువదించి, వివరించేవాడు. ఒకే మాట నాలుగు దారుల్లో ఎదురైంది కాబట్టి గుర్తుండిపోయింది. సోమవారం వ్యాకరణం ఒక విషయం మీద, మంగళవారం వీడియో ఇంకో విషయం మీద చూస్తే అది కలయిక కాదు, చిందరవందర. పది యాప్‌లు దించుకున్నవారికి ఇంగ్లీషు రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

మూడోది: దిద్దే మనిషి కావాలి. బ్రౌన్‌కు పండితులు, కచేరీ యువకుడికి పై అధికారి ఉన్నట్టే మీకు అధ్యయన కేంద్రం కౌన్సెలర్, తోటి విద్యార్థి ఉన్నారు. బస్టాండుల్లో అమ్మే 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' పుస్తకాల్లో పాఠాలు చెడ్డవని కాదు. మీ తప్పును అవి వినలేవు.

6.8 ఒక వారం ప్రణాళిక

రోజుకు నలభై నిమిషాలు కేటాయించగలిగితే కింది ప్రణాళికను పాటించండి. ఉదాహరణకు విషయం 'నేలపట్టుకు వచ్చే పక్షులు' అనుకుందాం. మీకు తెలిసిన విషయం కావడం ముఖ్యం. అప్పుడు శ్రమ అంతా భాష మీద పెట్టవచ్చు.

సోమవారం – చదవడం: ఆ విషయం మీద ఇంగ్లీషులో ఒక చిన్న పేరాను చదవండి. తెలియని పదాలు పదికి మించకూడదు. మించితే ఇంకా తేలికైన పేరా ఎంచుకోండి.
మంగళవారం – అనువాదం, వ్యాకరణం: అందులో అయిదు వాక్యాలను తెలుగులోకి మార్చండి. పుస్తకం మూసి, మీ తెలుగు వాక్యాలను తిరిగి ఇంగ్లీషులోకి మార్చండి. అసలు వాక్యాలతో పోల్చి, తేడా ఉన్నచోట నియమం చూడండి.
బుధవారం – వినడం: అదే విషయం మీద ఒక ఆడియో లేదా వీడియోను రెండుసార్లు వినండి. మొదటిసారి తెరమీద అక్షరాలు చూడకండి.
గురువారం – బిగ్గరగా చదవడం: సోమవారం పేరాను బిగ్గరగా చదివి ఫోనులో రికార్డు చేయండి. విని మళ్లీ చదవండి.
శుక్రవారం – మాట్లాడటం: పక్షులను చూడటానికి వచ్చిన యాత్రికుడికి దారి, కాలం, జాగ్రత్తలు చెబుతున్నట్టు తోటి విద్యార్థితో అయిదు నిమిషాలు మాట్లాడండి. ఫోనులోనైనా సరే.
శనివారం – రాయడం: ఏమీ చూడకుండా పది వాక్యాలు రాయండి.
ఆదివారం – దిద్దుకోవడం: రాసిన దాన్ని కౌన్సెలింగ్ తరగతిలో చూపండి. తరగతి లేని వారం తోటి విద్యార్థితో మార్చుకుని దిద్దండి.

శనివారం 'ఏమీ చూడకుండా' అనడానికి కారణం ఉంది. నేర్చుకున్నది కాలం గడిచేకొద్దీ ఎలా మరుపున పడుతుందో 1885లోనే జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ కొలిచి చూపారు. పుస్తకాన్ని మళ్లీ చదవడం కంటే జ్ఞాపకంనుంచి పైకి తీయడం మరుపును బాగా ఆపుతుంది.

శ్రీహరికోట ప్రయోగాలను కూడా పాఠంగా మార్చుకోవచ్చు. ప్రయోగం జరిగేటప్పుడు ఇంగ్లీషు వ్యాఖ్యానం ప్రత్యక్షంగా ప్రసారమవుతుంది. ముందురోజు తెలుగు పత్రికలో వార్త చదవండి. ప్రయోగ సమయంలో వ్యాఖ్యానం వినండి. మరునాడు ఇంగ్లీషు పత్రికలో అదే వార్త చదివి, నాలుగు వాక్యాల్లో రాయండి. తెలుగు వార్త అర్థాన్ని ముందే ఇచ్చింది కాబట్టి ఇంగ్లీషు చెవికి తేలికవుతుంది.

మొదటి నెలలో శుక్రవారం పనే అన్నింటికంటే కష్టంగా తోస్తుంది. దాన్నే వదిలేయాలనిపిస్తుంది. మన బడి చరిత్రలో ఎప్పుడూ వదిలేసిన రూపం అదే కాబట్టి, మీరు వదలకూడనిది కూడా అదే.

6.9 సారాంశం

కంపెనీ కాలంలో ఇంగ్లీషులో రాణించిన తెలుగువారికి కచేరీ పనిలో అనేక పాఠ రూపాలు ఒకేచోట దొరికాయి. ఆ అవకాశం కొద్దిమందిదే. 1857 తరవాత పరీక్ష ప్రధానం కావడంతో బడి ఇంగ్లీషు వ్యాకరణం, అనువాదం, బట్టీలకు కుదించుకుపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రత్యక్ష, పఠన, నిర్మాణ, పని ఆధారిత పద్ధతులు ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం అచ్చు, శబ్ద, దృశ్య, ముఖాముఖి పాఠాలను కలిపి, అంతవరకు వాటికి దూరంగా ఉన్నవారికి చేర్చడానికి పూనుకుంది. ఒకే విషయాన్ని వేరువేరు రూపాల్లో అభ్యసించి, మనిషి చేత దిద్దించుకుంటే ఆ కలయిక ఫలిస్తుంది.

6.10 మాదిరి సమాధానాలు

1. నకలు రాయడం, వినడం, అనువదించడం, మాట్లాడటం, తప్పు వెంటనే దిద్దుకోవడం. ఇవన్నీ ఒకే పనిలో భాగంగా జరిగేవి.
2. మెట్రిక్యులేషన్ రాత పరీక్షకు పనికిరావడం, తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి నేర్పగలగడం, ఉపాధ్యాయుడికి ధారాళంగా మాట్లాడే శక్తి అవసరం లేకపోవడం కారణాలు. వినడానికీ మాట్లాడటానికీ చోటు లేకపోవడం ప్రధాన లోపం.

6.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కంపెనీ కాలం నుంచి 1904 వరకు తెలుగునాట ఇంగ్లీషు అభ్యసనంలో వచ్చిన మార్పులను వివరించండి.
2. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు అనేక పాఠ రూపాలను ఎందుకు కలిపాయి? ఆచరణలో ఎదురైన ఇబ్బందులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సి.పి. బ్రౌన్ పుస్తకాల వరస నుంచి నేటి అభ్యాసకుడు గ్రహించవలసింది ఏమిటి?
2. ఎన్.ఎస్. ప్రభు ప్రయోగాన్ని, ఆయన 1990 వ్యాసంలోని అభిప్రాయాన్ని పరిచయం చేయండి.
3. మీ ఊరికి సంబంధించిన ఒక విషయాన్ని ఎంచుకుని, 6.8లో చూపిన విధంగా ఒక వారపు ప్రణాళిక తయారుచేయండి.